ఐదేళ్ల సర్పంచ్, ఆ తర్వాత మాజీ

తెలంగాణలో 2019 ఫిబ్రవరి 2న దాదాపు అన్ని ఊళ్లలో ఒకే రోజు కొత్త సర్పంచులు కుర్చీలో కూర్చున్నారు. 2024 ఫిబ్రవరి మొదట్లో వాళ్లంతా ఒకేసారి మాజీలయ్యారు. ఈ మధ్యలో ఊరూరా శ్మశానవాటికలు, నర్సరీలు, చెత్త షెడ్లు, పార్కులు లేచాయి. ట్రాక్టర్లు వచ్చాయి. అంతకు ముందు ఏ బ్యాచ్ సర్పంచుల హయాంలోనూ ఇన్ని కట్టడాలు కంటికి కనపడేలా రాలేదు. అయినా పదవి దిగిపోయాక హైదరాబాద్ వచ్చి ధర్నాలు చేసింది, అరెస్టయింది కూడా ఈ బ్యాచే. పని చేసినవాళ్లకే ఇంత కోపం ఎందుకొచ్చిందో తెలియాలంటే సర్పంచ్ పదవి లోపల ఎలా నడుస్తుందో చూడాలి. రాజకీయాల్లో ఇది మొదటి మెట్టు అని అందరూ అంటారు. ఈ బ్యాచ్ అనుభవం చూస్తే చాలామందికి అదే మొదటి మెట్టు, అదే చివరి మెట్టు.

ఒకప్పుడు సర్పంచ్ అంటే పరిస్థితి వేరు. 1959 అక్టోబర్‌లో షాద్‌నగర్‌లో నెహ్రూ చేతుల మీదుగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థ మొదలైంది. ఆ తర్వాత చాలా ఏళ్లు సర్పంచ్ కుర్చీ ఊళ్లో పెద్ద భూస్వామి ఇంట్లోనే ఉండేది. ఇరవై ఏళ్లు, పాతికేళ్లు ఒకే మనిషి సర్పంచ్‌గా ఉన్న ఊళ్ల కథలు పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. 73వ రాజ్యాంగ సవరణ, దాని వెంట వచ్చిన 1994 పంచాయతీరాజ్ చట్టం ఆ కోటను పగలగొట్టాయి. ఐదేళ్లకోసారి ఎన్నికలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళా రిజర్వేషన్లు, ఆ రిజర్వేషన్లు ఊళ్ల మధ్య తిరుగుతూ ఉండటం, ఇవన్నీ అప్పటి నుంచి వచ్చినవే. దొర ఇంటి గడప దాటని పదవి దళితవాడకు, గొల్లవాడకు, తండాకు చేరింది. ఇది చిన్న మార్పు కాదు. అయితే కుర్చీ అందరికీ అందే రోజు వచ్చేసరికి ఆ కుర్చీకున్న బలం ఒక్కొక్కటిగా జారిపోయింది. అది యాదృచ్ఛికమా అన్న అనుమానం రాకమానదు.

2018 ఏప్రిల్‌లో తెలంగాణ కొత్త పంచాయతీరాజ్ చట్టం అమల్లోకి వచ్చింది. నాలుగు వేలకు పైగా కొత్త పంచాయతీలు పుట్టి, మొత్తం సంఖ్య 12,700 దాటింది. ఐదు వందల జనాభా ఉన్న తండాలు, గూడేలు కూడా పంచాయతీలయ్యాయి. ‘మా తండాలో మా రాజ్యం’ అని లంబాడాలు దశాబ్దాలుగా చేసిన డిమాండ్ అలా నెరవేరింది. పక్క ఊరి సర్పంచ్ కోసం మైళ్లు నడిచి, అక్కడ అరుగు కింద నిలబడే అవసరం తప్పింది. దీన్ని ఎవరూ తక్కువ చేసి చూడలేరు. కాకపోతే ఐదు వందల మంది ఉన్న తండాలో ఇంటి పన్ను ఎంత వస్తుంది? రైస్ మిల్లు లేదు, ఫంక్షన్ హాలు లేదు, సెల్ టవర్ ఉంటే ఉంది, లేకపోతే లేదు. సొంత ఆదాయం లేని పంచాయతీ పూర్తిగా పైనుంచి వచ్చే గ్రాంటు మీదే బతకాలి. కొత్త సర్పంచుల్లో చాలామంది ఇలాంటి ఊళ్లకే గెలిచారు.

ఎన్నికలు 2019 జనవరి 21, 25, 30 తేదీల్లో మూడు విడతలుగా జరిగాయి. మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటకూడదన్న సుప్రీంకోర్టు పరిమితి వల్ల 2013లో 34 శాతంగా ఉన్న బీసీ కోటా ఈసారి 23 శాతం లోపుకు పడిపోయింది. సగం సీట్లు మహిళలవి. పార్టీ గుర్తులుండవు. ఉంగరం, కత్తెర, బ్యాట్ లాంటి గుర్తుల మీద పోటీ. నామినేషన్‌కు జనరల్ అభ్యర్థి 2,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలు 1,000 రూపాయలు డిపాజిట్ కడితే చాలు. ఖర్చు పరిమితి ఐదు వేలు, ఆపైన జనాభా ఉన్న పంచాయతీలో రెండున్నర లక్షలు, అంతకంటే చిన్నదైతే లక్షన్నర. ఈ లెక్కను నమ్మే ఓటరు ఒక్కడు కూడా దొరకడు. మందు, చికెన్, చివరి రాత్రి కవర్లు, హైదరాబాద్‌లోనో ముంబయిలోనో ఉన్న ఓటర్లను తెప్పించడానికి బండి కిరాయిలు, ఇవన్నీ లెక్కలో రాయరు. నగరం చుట్టుపక్కల భూముల ధరలు పెరిగిన ఊళ్లలో ఖర్చు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంకో దారి ఏకగ్రీవం. గుడి కడతాననో, ఊరికి ఇంత సొమ్ము ఇస్తాననో ఒప్పుకున్నవాడికి కుర్చీ వదిలేయడం. ఎన్నికల సంఘం ప్రతిసారీ వేలం వేస్తే చర్యలు తీసుకుంటామని హెచ్చరిస్తుంది. అదే సమయంలో ఏకగ్రీవమైన ఊళ్లకు ప్రభుత్వం ప్రోత్సాహక నగదు ప్రకటిస్తుంది. రెండూ చదివిన ఊరి పెద్దలు తమకు అనుకూలమైన దాన్నే గుర్తుపెట్టుకుంటారు.

అంటే పదవి మొదలయ్యేసరికే మనిషి నెత్తిన అప్పు ఉంటుంది. అసలు లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.

గెలిచాక వచ్చిన మొదటి షాక్ చెక్ పవర్. పంచాయతీ ఖాతా నుంచి డబ్బు తీయాలంటే ఎవరెవరు సంతకం చేయాలన్నది బాధ్యతలు తీసుకున్న తర్వాత కూడా నెలల తరబడి తేలలేదు. కొత్త చట్టం సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్‌ను కూడా చెక్ మీద సంతకందారుగా చేసింది. 2019 జూన్‌లో గానీ అది ఆచరణలోకి రాలేదు. అంతకు ముందు పంచాయతీ కార్యదర్శి, సర్పంచ్ కలిసి సంతకం పెట్టేవారు. కార్యదర్శి ప్రభుత్వ ఉద్యోగి, నిబంధన చూసి సంతకం పెడతాడు లేదా పెట్టడు. ఉప సర్పంచ్ అలా కాదు. వార్డు సభ్యుల్లోంచి ఎన్నికైన మనిషి, చాలాచోట్ల ఓడిపోయిన వర్గం మనిషి. ‘నా వార్డులో డ్రైనేజీ పడితేనే సంతకం’ అనే మాట ఎన్ని పంచాయతీ ఆఫీసుల్లో వినిపించిందో లెక్క లేదు. కొన్ని ఊళ్లలో సఫాయి కార్మికుల జీతాల చెక్కులు కూడా ఈ గొడవలో ఆగాయి. ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంటే అవినీతి తగ్గుతుందన్నది చట్టం రాసినవాళ్ల ఉద్దేశం కావచ్చు. నిజానికి జరిగింది, ఊళ్లో ఎన్నికల రోజు ముగియాల్సిన కొట్లాట ఐదేళ్ల పాటు చెక్‌బుక్ మీద సాగడం.

2019 సెప్టెంబర్ 6 నుంచి 30 రోజుల ప్రణాళిక మొదలైంది. తర్వాత దానికి పల్లె ప్రగతి అని పేరు పెట్టి విడతలు విడతలుగా నడిపారు. పంచాయతీలకు నెలకు 339 కోట్ల రూపాయలు విడుదల చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. మొదట్లో డబ్బు బాగానే వచ్చింది, ఆ సంగతి సర్పంచులే ఒప్పుకుంటారు. పాడుబడ్డ బావులు పూడ్చారు, కూలిన ఇళ్ల మొండిగోడలు తీసేశారు, కరెంటు తీగలు సరిచేశారు. ప్రతి పంచాయతీ ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకర్ కొనాలి. నర్సరీ పెట్టాలి. వైకుంఠధామం, అంటే శ్మశానవాటిక, కట్టాలి. డంపింగ్ యార్డు, పల్లె ప్రకృతి వనం అనే పార్కు, తర్వాత క్రీడా ప్రాంగణం. ఊళ్లో చచ్చిపోతే కాల్చడానికి చోటు లేక వాగు ఒడ్డుకు మోసుకెళ్లిన జనానికి వైకుంఠధామం నిజంగానే పెద్ద ఊరట. పొద్దున్నే చెత్త ట్రాక్టర్ ఇంటి ముందుకు రావడం పల్లెటూరు ఎన్నడూ చూడని సంగతి. 2023 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన 46 జాతీయ పంచాయతీ అవార్డుల్లో 13 తెలంగాణకే వచ్చాయి. ఆ అవార్డుల వెనక ఈ బ్యాచ్ సర్పంచుల చెమట ఉంది. వాళ్ల అప్పులు కూడా ఉన్నాయి.

ఎందుకంటే ఏం కట్టాలో ఊరు నిర్ణయించలేదు. జాబితా హైదరాబాద్ నుంచి వచ్చింది. గడువు కలెక్టర్ పెట్టాడు. మండల అధికారి ఎంపీడీవో రోజూ వాట్సాప్ గ్రూపులో ఫొటోలు అడిగాడు. తమ ఊరికి మంచినీళ్ల ట్యాంకు రిపేరు ముఖ్యమా, పార్కు ముఖ్యమా అన్న ప్రశ్న గ్రామసభలో వచ్చినా దానికి విలువ లేదు. ట్రాక్టర్ సంగతే తీసుకోండి. నాలుగు వేల జనాభా ఉన్న ఊరికి అది సరిపోయే బండి. వంద గడపల తండాకు అదే ట్రాక్టర్ ప్రతి నెలా కిస్తీ, డీజిల్, డ్రైవర్ జీతం అడిగే బరువు. కరెంటు బిల్లులు ముందు కట్టాలి, ట్రాక్టర్ కిస్తీ ఆపకూడదు, కార్మికుల జీతాలు ఇవ్వాలి, బడ్జెట్‌లో పది శాతం మొక్కల పెంపకానికి తీయాలి. ఇవన్నీ పోగా సర్పంచ్ తన ఇష్టంతో ఖర్చు పెట్టడానికి చిన్న పంచాయతీల్లో ఏమీ మిగల్లేదు.

ఇక బిల్లు. సర్పంచుల కష్టాల గురించి రాసేటప్పుడు ‘పెండింగ్ బిల్లులు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు గానీ, ఆ బిల్లు ప్రయాణం దగ్గరగా చూస్తేనే విషయం తలకెక్కుతుంది. ఊళ్లో ఐదు లక్షల రూపాయల సీసీ రోడ్డు మంజూరైందనుకుందాం. చిన్న పని కాబట్టి టెండర్ ఉండదు, నేరుగా ఒకరికి అప్పగిస్తారు. దాన్నే నామినేషన్ మీద ఇవ్వడం అంటారు. పంచాయతీ తీర్మానం చేస్తుంది, పంచాయతీరాజ్ ఇంజనీరు, అంటే ఏఈ, అంచనా వేస్తాడు. కాగితం మీద కాంట్రాక్టర్ పేరు ఏదున్నా, చాలాసార్లు డబ్బు పెట్టేది సర్పంచే. బయటి కాంట్రాక్టర్ రాడు, ఎందుకంటే ఈ బిల్లు ఎప్పుడొస్తుందో అతనికి బాగా తెలుసు. సిమెంటు ఉద్దెర. కంకర, ఇసుక సగం నగదు, సగం ఉద్దెర. కాంక్రీటు కలిపే మిల్లర్ కిరాయి, కూలీలు మాత్రం ఏ రోజుకారోజు చేతికివ్వాలి. ఆ నగదు కోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెస్తాడు. పని అయ్యాక ఏఈ వచ్చి కొలిచి కొలతల పుస్తకం, అంటే ఎంబీ, రాయాలి. ఏఈ పై ఇంజనీరు డీఈ ఆ కొలతలు మళ్లీ సరిచూడాలి. క్వాలిటీ కంట్రోల్ వాళ్లు ముక్క కోసి చూడాలి. అవన్నీ అయ్యాక చెక్ రాసి ట్రెజరీలో ఇస్తే టోకెన్ నంబర్ వస్తుంది. అక్కడితో సర్పంచ్ చేతిలో ఉన్న పని అయిపోయింది. ట్రెజరీలో ‘ఫ్రీజింగ్ ఉంది’ అంటారు. అంటే ఖాతాలో అంకె ఉంటుంది, డబ్బు కదలదు. ఎప్పుడు తీస్తారో ట్రెజరీ అధికారి ఎస్టీవోకు కూడా తెలియదు, తీసేది హైదరాబాద్‌లో ఆర్థిక శాఖ.

ఐదు లక్షలూ అప్పే అనుకుంటే, రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు పది వేలు. బిల్లు ఏడాదిన్నర ఆగితే లక్షా ఎనభై వేలు వడ్డీకే పోయింది. ఆ రోడ్డు మీద ఎంత నిజాయితీగా, ఎంత కక్కుర్తిగా పని చేసినా అంత లాభం మిగలదు. అదే సమయంలో సర్పంచ్‌కు ప్రభుత్వం ఇచ్చే గౌరవ వేతనం నెలకు 5,000 రూపాయలు. 2021లో 30 శాతం పెంచాక 6,500 అయింది. ఊరు ఊడ్చే మల్టీపర్పస్ వర్కర్‌కు అప్పటికే 8,500 ఉంది, ఆ మాత్రం కూడా తక్కువే అన్నది వేరే సంగతి. జూనియర్ పంచాయతీ కార్యదర్శుల జీతం 2021లో 28,719 రూపాయలకు పెరిగింది. వాళ్లూ మెడ మీద కత్తి ఉన్నట్టే పని చేశారు, 2023లో సమ్మె కూడా చేశారు. కానీ నెల తిరిగేసరికి వాళ్లకు జీతం అనేది ఒకటి ఉంది. సర్పంచ్‌కు ఒక్క రోడ్డు అప్పు మీద వడ్డీయే గౌరవ వేతనం కంటే ఎక్కువ. చదువుకుని, ఉత్సాహంగా పోటీ చేసిన కుర్రాళ్లు పొలం అమ్మారు, భార్య నగలు కుదువ పెట్టారు. ఒకాయన పదవిలో ఉండగానే రాత్రిపూట వాచ్‌మన్ పనికి పోతున్నట్టు పత్రికల్లో వచ్చింది.

ఉపాధి హామీ కింద కట్టిన వాటిది ఇంకో తలనొప్పి. ఆ పథకంలో కూలికి 60, సామగ్రికి 40 పాళ్లు ఉండేవి. కూలి డబ్బు కొంత ఆలస్యంగానైనా కూలీ ఖాతాలో పడేది. సామగ్రి డబ్బు కేంద్రం నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి కిందికి రావాల్సి ఉండేది. వైకుంఠధామం గోడకు వాడిన ఇటుకలు సామగ్రి కిందికే వస్తాయి. ఢిల్లీ, హైదరాబాద్ ఒకరి మీద ఒకరు నెపం పెట్టుకుంటుంటే ఇటుక బట్టీ ఓనర్ మాత్రం సర్పంచ్ ఇంటికే వస్తాడు. పంచాయతీలకు కేంద్రం నుంచి వచ్చే 15వ ఆర్థిక సంఘం నిధులను రాష్ట్రం దారి మళ్లించిందని 2022 చివర్లో సర్పంచులు రోడ్డెక్కారు. ఈ విషయంలో ఆంధ్రప్రదేశ్ సర్పంచుల గోడు కూడా ఇదే. 2021 ఫిబ్రవరిలో గెలిచిన అక్కడి సర్పంచులు ఏడాది తిరగకముందే తమ ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద జమ చేసుకున్నారని గగ్గోలు పెట్టారు. వాళ్ల గౌరవ వేతనం 3,000. పార్టీలు వేరు, ప్రభుత్వాలు వేరు. పంచాయతీ ఖాతాను తన ఖాతాలాగే చూసే అలవాటు మాత్రం రెండు రాష్ట్రాల ఆర్థిక శాఖలకూ ఉంది.

సరే, సర్పంచ్ ఎవరికి జవాబుదారీ? ఊరి జనమే నేరుగా ఓటేసి ఎన్నుకున్నారు కాబట్టి వార్డు సభ్యులు అవిశ్వాసం పెట్టి దించలేరు. ఉప సర్పంచ్ మీద పెట్టొచ్చు, సర్పంచ్ మీద కుదరదు. సర్పంచ్‌ను దించగలిగేది కలెక్టర్. 2018 చట్టం సస్పెండ్ చేసే అధికారం, తొలగించే అధికారం కలెక్టర్ చేతిలో పెట్టింది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, లేకపోతే చర్య. గ్రామసభలు సమయానికి పెట్టకపోతే చర్య. ఆడిట్ కాకపోతే చర్య. అక్రమ లేఅవుట్‌కు అనుమతిస్తే చర్య. వీటిలో కొన్ని చాలా అవసరమైనవే. నగరం చుట్టూ పంచాయతీ అనుమతుల పేరుతో జరిగిన ప్లాట్ల దందా చూసినవాళ్లెవరూ ఆ చివరి నిబంధనను తప్పు పట్టరు. కానీ మొక్క ఎండితే పదవి ఊడుతుందన్న భయం, నీళ్ల బిల్లు ఆగితే ఎవరి పదవీ ఊడదన్న వాస్తవం పక్కపక్కన పెట్టి చూడండి. షోకాజ్ నోటీసు కిందికి మాత్రమే వస్తుంది. పైకి పంపే వీలు చట్టంలో లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రతిపక్షం మనిషిగా గెలిచిన సర్పంచ్‌కు ఈ కత్తి ఎప్పుడు మీద పడుతుందో తెలియదు. గుర్తులు లేని ఎన్నికలో గెలిచిన వేలమంది గెలిచిన వారంలోనే ఎమ్మెల్యే దగ్గరికెళ్లి కండువా కప్పుకున్నారంటే అందులో ఆశ కొంత, ఈ భయం కొంత. ఎమ్మెల్యే చేయి ఉంటే మంజూరు వస్తుంది, బిల్లు కదులుతుంది, నోటీసు ఆగుతుంది.

ఇప్పుడు అసలు మెట్ల సంగతికొద్దాం. స్థానిక సంస్థల నుంచి పైకెదిగిన నాయకులు లేరా అంటే ఉన్నారు. ఇప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి 2006లో మిడ్జిల్ జెడ్పీటీసీగా ఇండిపెండెంట్‌గా గెలిచారు. మరుసటి ఏడాదే స్థానిక సంస్థల కోటాలో ఎమ్మెల్సీ అయ్యారు. 2009లో కొడంగల్ ఎమ్మెల్యే, 2019లో మల్కాజిగిరి ఎంపీ, 2023 డిసెంబర్‌లో ముఖ్యమంత్రి. మహారాష్ట్రలో విలాస్‌రావ్ దేశ్‌ముఖ్ తన ఊరు బాభల్‌గావ్ సర్పంచ్‌గా మొదలై ముఖ్యమంత్రి దాకా వెళ్లారు. ఇలాంటి పేర్లు సర్పంచుల సభల్లో తరచూ వినిపిస్తాయి. రేవంత్ ఉదాహరణను కాస్త నిదానంగా చూస్తే అందులోనే తేడా కనపడుతుంది. ఆయన ఎక్కింది సర్పంచ్ మెట్టు కాదు, జెడ్పీటీసీ మెట్టు. జెడ్పీటీసీ అంటే ఒక మండలం మొత్తం ఓటర్లు, జిల్లా పరిషత్‌లో సీటు, మామూలుగా పార్టీ గుర్తు. అసెంబ్లీ నియోజకవర్గంలో అది పెద్ద ముక్క. సర్పంచ్‌కు తన ఊరి పొలిమేర దాటితే ఓటు బలం లేదు.

దీనికి తోడు పెద్దగా ఎవరూ మాట్లాడుకోని ఇంకో విషయం ఉంది. స్థానిక సంస్థల ఎమ్మెల్సీ ఎన్నికల్లో తెలుగు రాష్ట్రాల సర్పంచులకు ఓటు లేదు. ఎంపీటీసీలకు ఉంది, జెడ్పీటీసీలకు ఉంది, మున్సిపల్ కౌన్సిలర్లకు, కార్పొరేటర్లకు ఉంది. పక్కనే కర్ణాటకలో గ్రామపంచాయతీ సభ్యులకు కూడా ఉంది. ఆ ఒక్క ఓటు ఎంత విలువైనదో 2021 డిసెంబర్‌లో అందరూ చూశారు. ఎంపీటీసీలను, కౌన్సిలర్లను బస్సుల్లో ఎక్కించి ఊరు కాని ఊళ్లలో రిసార్టుల్లో ఉంచారు. ఆ క్యాంపుల్లో ఏం జరుగుతుందో తెలిసిందే, అందులో గొప్పదనం ఏమీ లేదు. అయినా చేతిలో ఓటు ఉన్నవాడి ఫోన్ ఎమ్మెల్యే ఎత్తుతాడు. ఊళ్లో నిధులు, విధులు అంటూ ఏమీ లేని ఎంపీటీసీకి ఐదేళ్లలో ఒక్కసారైనా గిరాకీ వస్తుంది. ఊరంతా మోసే సర్పంచ్‌కు ఆ ఒక్కసారి కూడా రాదు. అసెంబ్లీ ఎన్నికలప్పుడు ఓట్లు పోలింగ్ బూత్‌కు తోలడానికి మాత్రం సర్పంచే కావాలి.

మహిళా సర్పంచుల విషయం విడిగా చెప్పాలి. సగం సీట్లు వాళ్లవే అయినా చాలా ఊళ్లలో ‘సర్పంచ్ సాబ్’ అంటే భర్తే. సంతకం ఆమెది, సమీక్షా సమావేశంలో వెనక కుర్చీ ఆయనది. అయితే దీన్ని చూసి అందరూ నవ్వుకున్నంత తేలిక కాదు. అప్పు భర్త పేరు మీద, షోకాజ్ నోటీసు భార్య పేరు మీద ఉన్న ఇళ్లలో ఐదేళ్లయ్యాక కోర్టు, ఆడిట్ కాగితాలకు జవాబు చెప్పాల్సింది ఆమే. ఆమె సంతకం పెట్టినప్పుడు ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పినవాళ్లు తక్కువ. మరోపక్క కరోనా సమయంలో ఊరి పొలిమేరలో కంచె వేసి, బ్లీచింగ్ చల్లించి, క్వారంటైన్‌లో ఉన్నవాళ్లకు అన్నం పంపిన సర్పంచుల్లో ఎవరి సాయమూ లేకుండా చేసిన ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. రెండో దఫా అవకాశం వస్తే బలమైన నాయకులయ్యేది వీళ్లే. ఆ అవకాశమే రాదు.

ఎందుకు రాదంటే, రిజర్వేషన్. తెలంగాణ 2018 చట్టం ఒక రిజర్వేషన్ వరుసగా రెండు దఫాలు ఉండాలని మొదట రాసుకుంది. కారణం మంచిదే, ఒక దఫా నేర్చుకుంటే రెండో దఫా పని చేస్తారని. ఆ మాట నిలబడలేదు. 2025 ఎన్నికలకు రిజర్వేషన్లు మళ్లీ కొత్తగా ఖరారు చేశారు. 2019లో ఎస్సీ మహిళకు వచ్చిన ఊరు జనరల్ అయితే ఆమెను మళ్లీ నిలబెట్టే ధైర్యం ఏ వర్గానికీ ఉండదు. జనరల్ సీటులో ఎస్సీ, బీసీలు పోటీ చేయకూడదని చట్టంలో లేదు. ఊరి కట్టుబాట్లలో ఉంది. అలా పదవి తిరుగుతుంది, అనుభవం మాత్రం తిరగదు. కొత్తగా వచ్చినవాళ్లు ఎంబీ అంటే ఏమిటో, ఫ్రీజింగ్ అంటే ఏమిటో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. కార్యదర్శికి, ఎంపీడీవోకు అన్నీ తెలుసు. తెలిసినవాడి మాటే చెల్లుతుంది. రిజర్వేషన్ మార్పిడిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. అది లేకపోతే పాత దొరలే ఉండేవారు. రెండు దఫాల నియమాన్ని గట్టిగా పాటించి ఉంటే రెండూ నెరవేరేవి.

గడువు ముగిసినా ఎన్నికలు జరగకపోవడంతో 2024 ఫిబ్రవరి 2న సర్పంచుల స్థానంలో స్పెషల్ ఆఫీసర్లు వచ్చారు. సర్పంచులు డిజిటల్ కీలు, చెక్‌బుక్‌లు, రికార్డులు అప్పగించి బయటికొచ్చారు. ఒక్కో ఆఫీసర్ తన సొంత శాఖ పని చేసుకుంటూనే పంచాయతీలూ చూడాలి కాబట్టి ఊరి పని మళ్లీ కార్యదర్శి మీదే పడింది. ఆరు నెలలు అనుకున్నది 22 నెలలు సాగింది. బీసీలకు 42 శాతం కోటా వివాదం కోర్టులకెక్కింది. 2025 అక్టోబర్‌లో హైకోర్టు ఆ కోటాపై స్టే ఇచ్చింది. చివరికి పాత 50 శాతం పరిమితిలోనే ఎన్నికలు పెట్టాల్సి వచ్చింది. ఎన్నికైన పాలకవర్గం లేదు కాబట్టి కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు ఆగాయి. ఎన్నికలు పెట్టడానికి ప్రభుత్వాన్ని ముందుకు నెట్టిన కారణాల్లో ఆ డబ్బు చిన్నదేం కాదు.

ఈ 22 నెలలూ మాజీ సర్పంచులు తమ బిల్లుల కోసం తిరిగారు. పదవిలో ఉన్నప్పుడు కనీసం ట్రెజరీలో కుర్చీ చూపించేవారు. మాజీ అయ్యాక ఆ మర్యాద కూడా పోయింది. 2024 నవంబర్‌లో హైదరాబాద్‌లో నిరసనకు వచ్చినవాళ్లను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. బకాయిలు పాత ప్రభుత్వం పెట్టినవని కొత్త ప్రభుత్వం, అధికారంలో ఉన్నది మీరే కదా అని పాత ప్రభుత్వం, అసెంబ్లీలో వాదించుకున్నాయి. రెండూ నిజమే. పని చేయించింది ఒక ప్రభుత్వం, డబ్బు ఇవ్వాల్సింది ఇంకో ప్రభుత్వం, అప్పు మాత్రం సర్పంచ్ పేరు మీద. రోడ్డు పంచాయతీ ఆస్తి కింద రికార్డైంది. దాని మీద తెచ్చిన అప్పు ఏ రికార్డులోనూ లేదు, ప్రామిసరీ నోటు మీద తప్ప.

2025 డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో మళ్లీ ఎన్నికలు జరిగాయి. ఇద్దరు పిల్లల నిబంధనను అంతకు ముందే ఎత్తేశారు. దాంతో ముగ్గురు పిల్లలున్న చాలామందికి పోటీకి దారి దొరికింది. 2019 బ్యాచ్‌లో రిజర్వేషన్ కలిసొచ్చిన కొందరు మళ్లీ నిలబడ్డారు, అందులో కొందరు గెలిచారు. కుదరని చోట భార్యనో కోడలినో నిలబెట్టారు. హైదరాబాద్ చుట్టుపక్కల మరికొందరికి ఆ అవసరమే లేకుండా పోయింది. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గరి 51 పంచాయతీలను 2024 సెప్టెంబర్‌లో మున్సిపాలిటీల్లో కలిపేయడంతో అక్కడ సర్పంచ్ అనే పదవే లేదు. మిగిలినవాళ్లలో సొసైటీ డైరెక్టర్ పదవికో, గుడి కమిటీకో చూస్తున్నవాళ్లున్నారు. ప్లాట్ల మధ్యవర్తులైనవాళ్లున్నారు. రాజకీయం వద్దని పొలం పనిలో పడ్డవాళ్లే ఎక్కువ.

కొత్త సర్పంచులు డిసెంబర్ చివర్లో ప్రమాణం చేశారు. అప్పటికి చెక్ మీద ఉప సర్పంచ్ సంతకం అలాగే ఉంది. ఫ్రీజింగ్ తీసే అధికారం హైదరాబాద్‌లోనే ఉంది. ఎమ్మెల్సీ ఓటు రాలేదు. ట్రాక్టర్లకు ఆరేళ్లు నిండాయి, టైర్లు మార్చాలి.